సర్కారు తుమ్మను అదుపులో ఉంచుడు



నెల్లూరు తీరమున కాలువ గట్టు, చెరువు కట్ట, పశువుల బీడు, ఎటు చూచినను సర్కారు తుమ్మ కనిపించును. కొన్ని ఊళ్లలో దీనిని చిల్లచెట్టు అందురు. ఇది మన దేశపు చెట్టు కాదు; అమెరికా ఖండమునకు చెందినది. 1877 ప్రాంతమున జమైకా విత్తనములను తెప్పించి, కడప జిల్లా కమలాపురమున నాటిరి. వంటచెరకు కొరకు తెచ్చిన ఆ చెట్టు నేడు పిలువకనే మన పొలములలోనికి వచ్చుచున్నది.

ఎట్లు వ్యాపించును?

దీని కాయలు తియ్యగా నుండును. పశువులు, మేకలు ఇష్టముగా తినును. గింజలు గట్టివి గనుక అరుగక పేడలో పడి, వానలకు మొలచును. అనగా ఈ చెట్టును ఊరూరా విత్తుచున్నవి మన మందలే. ఇది ఉప్పు నేలకును, ఎండకును తట్టుకొనును. నేల మట్టమునకు నరికినను మొద్దునుండి మరల చిగిర్చును.

నష్టమేమి?

ఇది దట్టముగా పెరిగినచోట పచ్చిక పలుచబడును. రాలిన ఆకులలోని పదార్థములు ఇతర విత్తనములను సరిగా మొలవనీయవు. మన తీరపు ఇసుక నేలలకు సహజమైన పాల, నేరేడు, అల్లి, బలుసు, కలివి వంటివి నిదానముగా పెరుగును. పిల్లమొక్కలకు చోటు లేనిచో, ఉన్న పెద్ద చెట్లతోనే వాటి వంశము ముగియును. 2022 వరకు నెల్లూరు జిల్లాలో ఉండిన శ్రీహరికోటలో ఇట్టి చెట్ల అడవి ఇంకను గలదు. ఊరి బీళ్లలో మిగిలిన కొద్ది చెట్లను కాపాడుట మన వంతు.

వంటచెరకుకు, బొగ్గుకు సర్కారు తుమ్మ మేలైనదే. పలువురు పేదలకు జీవనాధారము. కావున దానిని వాడుకొనుచునే అదుపు చేయవలెను.

చేయవలసిన పనులు

1. ముందు చెట్టును గుర్తింపుడు. నల్లతుమ్మ పూలు గుండ్రని పసుపు బంతులు. సర్కారు తుమ్మ పూలు పొడవైన కంకులు. నల్లతుమ్మ మనది, తీయరాదు.

2. వానలకు నేల మెత్తబడినప్పుడు పిల్లమొక్కలను వేరుతో పెరుకుడు.

3. పెద్ద చెట్టును నరికి విడువక, అడుగు లోతు త్రవ్వి మొద్దును తీయుడు. చెరువు కట్టపైనైన, గుంటను వెంటనే మట్టితో పూడ్చి గట్టిగా దిమ్మిస కొట్టవలెను.

4. కాయలు రాలకముందే కోసి, ఎండబెట్టి, గింజలు సైతము నలుగునట్లు పిండి చేసి, ఇతర దాణాలో కొద్దిగా కలుపుడు. కాయలే మేతగా పెట్టినచో పశువులు జబ్బుపడును.

5. ఖాళీ అయిన చోట వెంటనే మన చెట్లను నాటుడు. లేనిచో నేలలో మిగిలిన గింజలు ఏండ్ల తరబడి మొలచుచుండును.

గ్రామాధికారులకు

ఒక రైతు తన చేను బాగుచేసినను, ప్రక్క పోరంబోకునుండి విత్తనము మరల వచ్చును. కావున కాలువలు, బీళ్లు, కట్టలు ఊరంతయు కలిసి ఒకే కాలమున శుభ్రము చేయవలెను. అటవీ భూమిలో మాత్రము అటవీ శాఖ అనుమతి లేక ఏ చెట్టును ముట్టరాదు. పిల్లమొక్కగా పెరికిన ఒక్క నిమిషపు పని. మానైన పిదప ఒక పూట పని.