కాలిన చిట్టడవిని లెక్కపెట్టేదెలా?

తమ్ముళ్లూ! వార్షికోత్సవ సంచికకు ఏం రాయమంటారని వార్డెన్ సారును అడిగితే, "నువ్వు చదివిందే పిల్లలకు అర్థమయ్యేటట్టు రాయి" అన్నారు. నేను ఎమ్మెస్సీలో చదివింది ఉపగ్రహ చిత్రాల పాఠం. అది మనకు దూరపు విషయం కాదు. మన హాస్టల్ ఉన్న ఏఎస్ రావు నగర్‌కు ఆ పేరు ఈసీఐఎల్ వ్యవస్థాపకులు అయ్యగారి సాంబశివరావు గారి వల్ల వచ్చింది. నగరానికి అటు పక్క బాలానగర్‌లో జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉంది. ఆ కేంద్రం వారి షాద్‌నగర్ యాంటెన్నాలు ఉపగ్రహాలు పంపే చిత్రాలను అందుకుంటాయి.

మాది అచ్చంపేట వైపు, నల్లమల అంచు పల్లె. ఊరి వెనుక గుట్ట మీద తంగేడు, రేగు, పరికి, బలుసు పొదలు, నడుమ బోదగడ్డి. మా అమ్మ అక్కడ మేకలు మేపి మమ్మల్ని చదివించింది. నేను పదో తరగతి రాసిన 2017 వేసవిలో ఆ గుట్ట కాలిపోయింది. ఎంత కాలిందని ఎవరూ అడగలేదు, ఎక్కడా రాయలేదు. ఆ రెండు నెలలు అమ్మ మేకలను తోలుకుని పక్క ఊరి పొలిమేర దాకా నడిచింది.

చిట్టడవి అంటే?

డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ చెట్ల నీడ ఎంత నేలను కప్పిందో చూసి అడవిని విభజిస్తుంది. 70 శాతం, ఆపైన ఉంటే మిక్కిలి దట్టమైన అడవి. 40 నుంచి 70 వరకు మధ్యరకం. 10 నుంచి 40 వరకు పలుచని అడవి. 10 శాతం కంటే తక్కువైతే చిట్టడవి. దాన్ని అడవి విస్తీర్ణంలో కలపరు. దేశపు బంజరు భూముల అట్లాసులో పొదల నేలలు బంజరు కిందికే వస్తాయి. మనకు మేత, కట్టెలు, సీతాఫలాలు ఇచ్చే నేల కాగితం మీద పనికిరాని నేల అన్నమాట. అందుకే అది కాలినా పెద్దగా పట్టించుకోరు.

మంటను చూడటం, మచ్చను కొలవటం

ఉపగ్రహం రెండు విధాలుగా పని చేస్తుంది. మొదటిది, మండుతున్న నిప్పును పట్టుకోవడం. ఇంటర్ ఫిజిక్సులోని వీన్ సూత్రం గుర్తుందా? 2898ని కెల్విన్ ఉష్ణోగ్రతతో భాగిస్తే, ఎక్కువగా వెలువడే కిరణాల తరంగదైర్ఘ్యం మైక్రాన్లలో వస్తుంది. మామూలు నేల 300 కెల్విన్లు అనుకుంటే 9.7 మైక్రాన్లు. మంట 1000 కెల్విన్లయితే 2.9 మైక్రాన్లు. అందువల్ల 4 మైక్రాన్ల దగ్గర చూసే పరికరానికి చల్లని నేల మధ్య నిప్పు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మోడిస్ అనే పరికరం ఇలాగే చూస్తుంది. 2004 నుంచి అటవీ సర్వేక్షణ సంస్థ ఈ సమాచారంతో రాష్ట్రాలకు హెచ్చరికలు పంపడం మొదలుపెట్టింది.

రెండోది, కాలిన మచ్చను కొలవడం. పచ్చని ఆకు దగ్గరి పరారుణ కిరణాలను బాగా పరావర్తనం చేస్తుంది. కాలిన నేల వాటిని తక్కువగా, హ్రస్వ పరారుణ కిరణాలను ఎక్కువగా పంపుతుంది. ఈ రెండింటి భేదాన్ని వాటి మొత్తంతో భాగించాలి. ఉదాహరణకు కాలకముందు 0.30, 0.20 ఉంటే జవాబు 0.20. కాలిన తర్వాత 0.15, 0.25 ఉంటే జవాబు మైనస్ 0.25. తేడా 0.45. ఇంత తేడా ఉన్న గడి కాలినట్టే. అలాంటి గడులను లెక్కపెడితే విస్తీర్ణం తెలుస్తుంది.

ఏళ్ల లెక్కలు పోల్చేటప్పుడు మూడు జాగ్రత్తలు

1. మంటల సంఖ్య వేరు, విస్తీర్ణం వేరు. అటవీ సర్వేక్షణ సంస్థ 2023 నివేదిక ప్రకారం దేశంలో 2021–22 సీజనులో 2,23,333, 2022–23లో 2,12,249, 2023–24లో 2,03,544 అగ్ని బిందువులు నమోదయ్యాయి. ఇవి హెక్టార్లు కావు. ఒకే మంట రెండు రోజులు మండితే చాలాసార్లు లెక్కకు వస్తుంది. ఉపగ్రహం రాకముందే ఆరిపోతే అసలు రాదు.

2. కన్ను మారితే లెక్క మారుతుంది. మోడిస్ మంటను 1 కిలోమీటరు గడిలో చూస్తే, 2011లో ఎగిరిన ఉపగ్రహంలోని వియర్స్ 375 మీటర్ల గడిలో చూస్తుంది. చిన్న మంటలూ దొరుకుతాయి. అంతమాత్రాన దేశంలో మంటలు పెరిగాయనకూడదు. సహారా దిగువ ఆఫ్రికాలో 2016 సంవత్సరానికి సెంటినెల్-2 చిత్రాలతో కొలిస్తే, మోడిస్ చూపినదాని కంటే కాలిన నేల సుమారు 80 శాతం ఎక్కువని తేలింది.

3. మొత్తం ఎంతో చూడాలి. పొదల నేల ప్లాట్లుగా మారిపోతే కాలే విస్తీర్ణమూ తగ్గుతుంది. అది మంటలు తగ్గడం కాదు, పొదలే తగ్గడం. కాబట్టి ఉన్న పొదల్లో ఎంత శాతం కాలిందో చూడాలి.

మా గుట్ట లెక్క

సెంటినెల్-2 పాత చిత్రాలు ఎవరికైనా ఉచితంగా దొరుకుతాయి. ప్రాజెక్టు పనిలో 2017 వేసవి చిత్రాలు తీసి మా గుట్టను కొలిచాను. కాలిన గడులు 310. ఒక్కో గడి 20 మీటర్ల చదరం, అంటే 400 చదరపు మీటర్లు. మొత్తం 12.4 హెక్టార్లు, దాదాపు 31 ఎకరాలు. మోడిస్ కాలిన నేల పటంలో ఒక గడి 500 మీటర్ల చదరం, సుమారు 25 హెక్టార్లు. మా గుట్ట అందులో సగం గడి. ఆ పటంలో వెతికితే కనిపించలేదు.

ఫోనులో అమ్మకు ఈ సంగతి చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "గీ లెక్క అప్పుడే ఉంటే ఎవలన్న అడిగెటోళ్లు గద కొడుకా" అంది.

తమ్ముళ్లూ, నిప్పు ఊరికే పుట్టదు. తునికాకు బాగా చిగురించాలని, ఇప్పపువ్వు ఏరడానికి నేల శుభ్రంగా ఉండాలని, కొత్త గడ్డి రావాలని మనవాళ్లే అంటిస్తుంటారు. ఆర్పకుండా పడేసిన బీడీ కూడా చాలు. తప్పు పట్టే ముందు వాళ్ల అవసరం తెలుసుకోవాలి. తునికి మొక్కలను కత్తిరించినా కొత్త చిగురు వస్తుందని ఇంట్లో చెప్పండి.

ఫిబ్రవరి నుంచి మే దాకా మీ ఊరికి వెళ్లినప్పుడు ఎక్కడైనా పొదలు కాలితే తేదీ, చోటు, ఎన్ని ఎకరాలుంటుందో నోటుబుక్కులో రాసుకోండి. ఉపగ్రహం చెప్పింది నిజమో కాదో తేల్చడానికి నేల మీద చూసినవాడి సాక్ష్యం కావాలి. ఆ పనికి డిగ్రీ అక్కరలేదు. రాసుకొచ్చినవాళ్లు నా దగ్గరికి రండి, కలిసి కొలుద్దాం.

అభ్యాసం: సెంటినెల్ చిత్రంలో 60 గడులు కాలితే ఎన్ని హెక్టార్లు? (జవాబు: 2.4)