పాత సుత్తికి ఎంత మెరుగు పెట్టాలి?

పండుగకు ముందు రోజు ఇత్తడి చెంబులకూ బిందెలకూ చింతపండు పులిమి, కొబ్బరి పీచుతో తోమి తళతళలాడించడం తెలుగు ఇళ్ళలో తరతరాల ఆచారం. మెరవని పాత్ర ఇంటికి అప్రతిష్ఠ. ఈ అలవాటు సముద్రాలు దాటినా మనిషిని వదలదు. అమెరికాలో పాత ఇల్లు కొనుక్కున్న కుటుంబానికి బేస్‌మెంటులో ఒక మూల, పూర్వపు యజమాని వదిలిపోయిన పనిముట్ల పెట్టె దొరుకుతుంది. అందులో ఎర్రగా తుప్పు పట్టిన సుత్తి ఒకటి ఉంటుంది. ఇంటి యజమాని ఆ సాయంత్రమే గరాజులో కూర్చుని, కరెంటుతో తిరిగే తీగల బ్రష్షు పట్టి అరగంటలో దానిని వెండిలా మెరిపిస్తాడు. పిల్లలు చప్పట్లు కొడతారు. ఆ అరగంటలో తుప్పుతో పాటు సుత్తి చెంపన ఉన్న తయారీదారుని పేరు, ఊరి పేరు, ఒక్కొక్కసారి తేదీ కూడా ధూళిగా రాలిపోయి ఉంటాయి. వారం తిరగకముందే సుత్తి మళ్ళీ ఎర్రబడుతుంది. పేరు మాత్రం తిరిగి రాదు.

చెంబుకు చేసిన మేలు సుత్తికి కీడు ఎందుకైంది? చింతపండులోని టార్టారిక్ ఆమ్లం రాగి సంబంధమైన చిలుమును కరిగించి, క్రింద ఉన్న లోహాన్ని బయటపెడుతుంది. అలా బయటపడిన ఇత్తడి మళ్ళీ మసకబారడానికి కొన్నాళ్ళు పడుతుంది. ఉక్కు సంగతి వేరు. కప్పు తీసేసిన ఉక్కు తేమ గాలిలో ఒక్క రాత్రిలో తుప్పు పడుతుంది. పైగా తుప్పు అని ఒకే మాటతో పిలిచే దానిలో రెండు వేర్వేరు పదార్థాలు ఉన్నాయి. మొదటిది ఎర్ర తుప్పు. ఇనుము, తేమ, గాలిలోని ఆమ్లజని కలిసినప్పుడు పుట్టే ఈ పదార్థం గుల్లగా ఉంటుంది, పొరలుగా ఊడుతుంది, స్పంజిలాగా నీటిని పట్టి ఉంచి లోపలి ఇనుమును మరింత తింటుంది. రెండవది నల్లని ఆక్సైడు, మాగ్నటైట్. మూడు ఇనుప పరమాణువులకు నాలుగు ఆమ్లజని పరమాణువులు చేరిన ఈ పదార్థం దట్టంగా, లోహాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. కొలిమిలో పుట్టిన నల్లపొర, ఏళ్ళ తరబడి అంటిన చేతి జిడ్డు, నూనె కలిసి పాత పనిముట్లకు ఆ ముదురు గోధుమ రంగు చర్మాన్ని ఇస్తాయి. సేకరణకారులు విలువ కట్టేది ఈ చర్మానికే. ఎర్రది పోవాలి, నల్లది ఉండాలి. ఈ విషయంలో పాత సుత్తులు సేకరించేవారిలో పెద్దగా అభిప్రాయభేదం లేదు.

అందుచేత బ్రష్షు పట్టడానికి ముందే గుర్తింపు పూర్తి కావాలి. శాసన పరిశోధకులు అరిగిన శిలాశాసనాన్ని చదివేందుకు వెలుగును ఏటవాలుగా పడనిస్తారు. సుత్తికీ అదే ఉపాయం పనిచేస్తుంది. చీకటి గదిలో టార్చిలైటును సుత్తి చెంపకు దాదాపు ఆనించి పట్టుకుంటే, అక్షరాల గుంటలలో నీడ నిలుస్తుంది. సుద్దపొడి అద్ది తుడిచినా గుంటలలో తెల్లగా మిగులుతుంది. ఫోటో తీసి ఉంచడం మంచిది. అచ్చు లోతు తరచు మిల్లీమీటరులో చిన్న భాగమే కనుక రెండవ అవకాశం ఉండకపోవచ్చు.

ఇలా బయటపడే పేర్లలో చెప్పుకోదగ్గది మేడోల్. న్యూయార్క్ రాష్ట్రంలోని నార్విచ్ అనే చిన్న ఊరిలో డేవిడ్ మేడోల్ అనే కమ్మరి ఉండేవాడు. పని మధ్యలో సుత్తి తల పిడి నుంచి ఊడి ఎగిరిపోవడం ఆ రోజులలో వడ్రంగులందరి బాధ. మేడోల్ 1840 ప్రాంతంలో దీనికి విరుగుడు కనిపెట్టాడు. తెలుగునాట వడ్రంగి వాడే బాడిసకు పిడి దూరే భాగం గొట్టంలా కొంత పొడుగ్గా సాగి ఉంటుంది. సుత్తికీ అటువంటి బెజ్జమే పెట్టి, పిడిని ఎక్కువ పొడవున తల పట్టుకునేలా చేశాడు. అమెరికాలో నేటికీ వడ్రంగి సుత్తి మెడ క్రిందికి సాగి ఉండడానికి మూలం ఇదే. ఆయన కీర్తి పెరిగిన కథను జేమ్స్ పార్టన్ 1884లో అచ్చయిన తన గ్రంథంలో చెప్పాడు. పొరుగూరి నుంచి చర్చి కట్టడానికి వచ్చిన ఆరుగురు వడ్రంగులలో ఒకడు సుత్తి ఇంట్లో మరచి వచ్చి, చేతనైనంత మంచి సుత్తి చేసిపెట్టమని మేడోల్‌ను అడిగాడట. దానిని చూసి మర్నాడు మిగిలిన ఐదుగురూ వచ్చారట. వారికి ఊళ్ళో సుత్తులు ఉండనే ఉన్నాయి. పిమ్మట కాంట్రాక్టరు, ఆ తరువాత దుకాణదారు వచ్చారు. ప్రకటన లేకుండా సరుకు అమ్ముడుపోయిన కథ కనుక కొంత తీపి కలిపి చెప్పి ఉండవచ్చు. సుత్తులు మాత్రం కథకు తగ్గవే. ఆ పేరు అచ్చుకొట్టిన తలలు నేటికీ గరాజ్ సేళ్ళలో, పాత సామాన్ల సంతలలో కనిపిస్తాయి. తీగల బ్రష్షుకు బలి అయ్యేవి తరచు ఇటువంటివే.

పాత పనిముట్ల మీద ‘కాస్ట్ స్టీల్’ అన్న ముద్ర చూసి పోత ఇనుమని పొరబడి పారేసేవారున్నారు. దాని అర్థం మూసలో కరిగించిన ఉక్కు అని. ఇంగ్లండులోని షెఫీల్డ్ ప్రాంతంలో బెంజమిన్ హంట్స్‌మన్ 1740లలో రూపొందించిన పద్ధతి అది. ఆ రోజులలో మేలిరకం పనిముట్లకే ఆ ముద్ర పడేది. పద్ధతి వేరైనా, మూసలో ఉక్కు తీసే విద్య తెలుగువారికి కొత్తది కాదు. నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రంలో తయారైన ఉక్కు కోసం పారశీక వర్తకులు వచ్చేవారు. పాశ్చాత్య గ్రంథాలలో ‘వుట్జ్’గా పేరుపడిన మాట ‘ఉక్కు’ నుంచే పుట్టిందని చాలామంది పండితుల అభిప్రాయం.

పేరు లేకపోయినా కాలాన్ని అంచనా వేసే దారులు కొన్ని ఉన్నాయి. పేటెంటు సంఖ్య ఉంటే పని సులువు. అమెరికా పేటెంట్లలో పది లక్షల సంఖ్య 1911లో, ఇరవై లక్షలది 1935లో, ముప్పై లక్షలది 1961లో పడ్డాయి. అయితే పేటెంటు తేదీ సుత్తి పుట్టిన తేదీ కాదు. అంతకు ముందు పుట్టలేదని మాత్రమే అది చెబుతుంది. విదేశపు సరుకు మీద దేశం పేరు ఉండి తీరాలని అమెరికా 1890లో సుంకాల చట్టంలో నిర్బంధించింది. కనుక దేశం పేరున్న దిగుమతి సుత్తి సాధారణంగా ఆ తరువాతిదే. స్టాన్లీ కంపెనీ సరుకు మీద హృదయాకారంలో రెండు అక్షరాలుంటే అది 1920కీ 1930ల మధ్యకూ నడుమది. ఇక చెంపన కనిపించే ప్రతి అంకెనూ బరువు అనుకోరాదు. కొందరు తయారీదారులకు అది నమూనా సంఖ్య మాత్రమే.

ఆకారం వృత్తిని చెబుతుంది. వెడల్పాటి గుండ్రని ముఖం చెప్పులు కుట్టేవానిది. ఒక కొస గుండ్రంగా బంతిలా ఉన్నది లోహపు పనివానిది. సన్నగా పొడుగ్గా ఉండి ఒక కొస చీలి అయస్కాంతంలా పనిచేసేది కుర్చీలకు గుడ్డ బిగించేవానిది. ఆయన చిన్న మేకులను నోట్లో పెట్టుకుని, ఒక్కొక్కటీ సుత్తి కొసకు అంటించి బయటికి తీసి కొట్టేవాడు. ఈ వైవిధ్యమంతా ఒకచోట చూడదలచినవారికి అలాస్కాలోని హేన్స్‌లో 2002లో వెలసిన సుత్తుల మ్యూజియం ఉంది.

ఇప్పుడు శుభ్రం చేయడం. మొదట సబ్బు నీటి గుడ్డతో జిడ్డు తుడిచి వెంటనే ఆరబెట్టాలి. పిడికి పాత రంగు ఉంటే గరుకు కాగితంతో పొడిగా రుద్దడం ప్రమాదకరం. అమెరికాలో ఇళ్ళ రంగులలో సీసాన్ని నిషేధించింది 1978లో. అంతకు ముందటి రంగు ధూళి పసిపిల్లలకు విషం. తలమీద ఎర్ర తుప్పు పలుచగా ఉంటే సన్నని ఉక్కు పీచు, కొద్దిగా నూనె, ఓపిక చాలు. ఎర్ర ధూళి రావడం తగ్గి, గుడ్డకు నలుపు అంటడం మొదలైన చోట చెయ్యి ఆపాలి. అంతకు మించి వేసే ప్రతి రుద్దూ చర్మాన్ని తీస్తుంది.

చాలామంది చేసేది వినిగారులో నానబెట్టడం. అందులో నూటికి ఐదు పాళ్ళ అసిటిక్ ఆమ్లం ఉంటుంది. అది తుప్పును కరిగిస్తుంది, కాని ఎర్రదానికీ నల్లదానికీ భేదం ఎంచదు. తుప్పు అయిపోయాక లోహాన్నే తినడం మొదలుపెడుతుంది. సుత్తి బూడిదరంగుకు తిరుగుతుంది, అక్షరాల అంచులు మొద్దుబారుతాయి. ఆ చర్యలో పుట్టే ఉదజని, అనగా హైడ్రోజన్, కొంత గట్టి ఉక్కులోకి చొరబడి దానిని పెళుసు చేయగలదు కూడా. కనుక రాత్రంతా మరచిపోయేవారికి ఈ పద్ధతి తగదు. తుప్పు మందంగా ఉన్నప్పుడు విద్యుద్విశ్లేషణ మేలు. ప్లాస్టిక్ బకెట్టు నీటిలో బట్టల సోడా కొంచెం కలిపి, పిడి తీసిన సుత్తి తలను బ్యాటరీ ఛార్జరు ఋణధ్రువానికీ, మామూలు ఇనుప ముక్కను ధనధ్రువానికీ తగిలిస్తారు. తుప్పులో కొంత నల్లని ఆక్సైడుగా మారుతుంది, మిగతాది వదులై ఊడివస్తుంది. లోహం నష్టపోదు. ఇక్కడ కూడా ఉదజని పుడుతుంది. అది మండే వాయువు కనుక ఈ పని ఆరుబయటే, నిప్పుకు దూరంగా జరగాలి. తీగలు కదిపే ముందు కరెంటు ఆపాలి. ధనధ్రువానికి స్టెయిన్‌లెస్ స్టీలు గరిటె తగిలించడం పెద్ద పొరపాటు. అందులోని క్రోమియం విషపూరిత రూపంలో నీటిలోకి దిగుతుంది. సోడాకు బదులు ఉప్పు వేస్తే క్లోరిన్ వస్తుంది.

గుంటలలో మిగిలిన తుప్పుకు తెలుగువారు ఎరిగిన మందు ఉంది. శ్రీకాళహస్తి కలంకారీలో గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన ద్రవంలో ముంచి ఆరబెట్టి, పాత ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో పులియబెట్టిన ద్రవంతో గీస్తారు. కలం తగిలిన చోట నల్లబడుతుంది. పూర్వం అన్నభేది, కరక్కాయ కలిపి కాచిన సిరా కూడా ఈ చర్యే. కరక్కాయలోని టానిన్లు ఇనుముతో కలిసి నీలి నలుపు పదార్థంగా మారతాయి. పురావస్తువుల పరిరక్షకులు ఇనుము మీద టానిక్ ఆమ్లం పూసేది ఈ కారణం చేతనే. ఇండియన్ దుకాణంలో దొరికే కరక్కాయ పొడి కషాయాన్ని వడగట్టి, బ్రష్షుతో రెండు మూడు పూతలు వేస్తే, గుంటలలోని పలుచని తుప్పు నల్లబడి కొంతవరకు నిలకడ పొందుతుంది. ఊడిపోతున్న మందపు తుప్పు మీద పూస్తే మాత్రం ప్రయోజనం శూన్యం.

ముఖం విషయంలో అందానికన్నా కంటి క్షేమం ముఖ్యం. సుత్తి ముఖాన్ని కాల్చి చల్లార్చి గట్టిపరుస్తారు. తరువాత తగినంత వేడి చేసి పెళుసుతనం తగ్గిస్తారు. సానరాయి మీద పట్టినప్పుడు సుమారు 220 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉక్కు మీద లేత గడ్డిరంగు, 300 దగ్గర నీలిరంగు కనిపిస్తుంది. నీలి తేలిందంటే అక్కడి గట్టిదనం చాలావరకు పోయినట్లే. అంచు పెచ్చులు ఊడిన సుత్తిని పనికి వాడరాదు. రెండు సుత్తులను ఎదురెదురుగా కొట్టడం అంతకన్నా తప్పు. రెండూ గట్టివే కనుక విరిగిన ముక్క తూటాలా దూసుకువస్తుంది. అటువంటిది అల్మరాలో నిలబడితే చాలు.

పిడి వదులైతే నీళ్ళలో నానబెట్టడం పల్లెల్లోనూ అమెరికాలోనూ ఉన్న చిట్కా. కఱ్ఱ ఉబ్బి బిగుస్తుంది నిజమే. కాని ఉక్కు బెజ్జంలో చోటు లేక దాని నారలు నలిగిపోతాయి, ఆరినప్పుడు మునుపటి కన్నా వదులవుతుంది. చీల మార్చి బిగించడమే సరైన పని. పగలని అసలు పిడి ఉంటే దానిని ఉంచడం మంచిది. మార్చవలసి వస్తే హికరీ కఱ్ఱ, నారలు పొడవునా నేరుగా సాగినది, ఎంచుకోవాలి.

పిడికి అవిసె నూనె పలుచగా పూసి తుడిచేస్తారు. ఈ నూనె ఆరడమంటే ఆవిరి కావడం కాదు, గాలిలోని ఆమ్లజనితో కలిసి గట్టిపడడం. ఆ చర్యలో వేడి పుడుతుంది. తుడిచిన గుడ్డను ఉండచుట్టి చెత్తబుట్టలో పడేస్తే ఆ వేడి బయటికి పోలేక, అగ్గిపుల్ల లేకుండానే గుడ్డ అంటుకుంటుంది. ఇలా ఇళ్ళు కాలిన సంఘటనలు ఉన్నాయి. గుడ్డను ఆరుబయట విడిగా పరచి ఆరనివ్వాలి, లేదా నీళ్ళు నింపిన డబ్బాలో ముంచి మూత పెట్టాలి.

తలకు పలుచగా ఖనిజ నూనె గాని మైనం గాని పూసి పొడిచోట ఉంచాలి. దొరికిన చోటు, తేదీ, చేసిన చికిత్స రాసిన చిన్న కార్డును పిడికి దారంతో కట్టాలి. అందంగా ఉన్నదని ఓక్ కఱ్ఱ పెట్టెలో మూసి పెట్టడం మాత్రం పొరపాటు. ఆ కఱ్ఱ నుంచి అసిటిక్ ఆమ్లపు ఆవిరి నెమ్మదిగా వెలువడుతూనే ఉంటుంది. వినిగారులో ముంచకుండా తప్పించుకున్న సుత్తికి అదే ఆవిరి మూసిన పెట్టెలో తగులుతుంది.