మిషన్ మీద బొంత కుట్టు నేర్చుకుందాం

పాత చీరలు, పంచెలు పొరలుగా పరిచి చేతి కుట్టుతో బొంత కుట్టడం మనం ఇళ్ళల్లో చూసిందే. అదే బొంతను చిన్నదిగా చేసి, మిషన్ మీద ఆకులు, మెలికలు కుట్టి గోడకు తగిలించవచ్చు. దీన్ని ఇంగ్లీషులో ఫ్రీ మోషన్ క్విల్టింగ్ అంటారు.

తేడా ఏమిటి?

జాకెట్టు కుట్టేటప్పుడు సూది కింద ఉండే ఇనుప పళ్ళు గుడ్డను లాగుతాయి. కుట్లన్నీ ఒకే పొడవు వస్తాయి. ఇక్కడ పళ్ళకు పని లేదు. గుడ్డను నాలుగు వైపులా మన చేతులే జరపాలి. సూది పెన్సిలు అనుకోండి. పెన్సిలు కదలదు, కాగితమే కదులుతుంది!

ఒక చిన్న లెక్క

సూది సెకనుకు 5 కుట్లు వేస్తోంది. చెయ్యి సెకనుకు అర అంగుళం జరిపితే అంగుళానికి 10 కుట్లు పడతాయి. చూడ్డానికి బాగుంటుంది. చెయ్యి అంగుళం జరిపితే 5 కుట్లే! పొడుగు కుట్లు దేనికైనా తగులుకుని తెగిపోతాయి. కాబట్టి కాలూ చెయ్యీ కలవాలి. సాధన అంతా దీనికోసమే.

చేసే విధానం

1. పైగుడ్డ, మధ్యలో పాత నూలుగుడ్డ, అడుగుగుడ్డ ముడతలు లేకుండా పరిచి, బెత్తెడు దూరానికొక టాకా వేయాలి.
2. మిషన్ పళ్ళను కిందికి దించాలి. దిగకపోతే వాటిని కప్పే రేకు బిగించాలి.
3. మామూలు పాదం తీసి డార్నింగ్ ఫుట్ పెట్టాలి.
4. పాదం కిందికి దించడం మరచిపోవద్దు. దించకపోతే పైదారం బిగుసుకోదు, అడుగున చిక్కుపడుతుంది.
5. బాబిన్ దారాన్ని పైకి లాగి, రెండు దారాల కొసలు పట్టుకుని మొదలుపెట్టాలి.
6. మధ్య నుండి అంచులకు కుట్టుకుంటూ వెళ్ళాలి. అప్పుడు ముడతలు పడవు.

ముందు కాగితం మీద

చెయ్యి ఎత్తకుండా "లలలల" అని ఒకే గీతగా రాయండి. తర్వాత జానెడు పనికిరాని ముక్క మీద అదే కుట్టండి. అది కుదిరాకే అసలు గుడ్డ ముట్టుకోవాలి.

జాగ్రత్త!

సూది నడుస్తుండగా గుడ్డను గుంజితే సూది వంగి విరుగుతుంది. ముక్క కంట్లో పడొచ్చు. వేళ్ళు సూదికి దూరంగా ఉంచాలి. హాస్టళ్ళలో మిషన్లు ఒకటో రెండో ఉంటాయి. ఒక్క సూది విరిగితే వెనక నిలబడ్డవాళ్ళ వంతు కూడా ఆగిపోతుంది కదా!

మీకు తెలుసా?

మిషన్ కుట్టు కళ కాదని చాలామంది అనేవారు. 1989లో అమెరికాలోని పడూకా పట్టణంలో జరిగిన బొంతల పోటీలో కారిల్ బ్రైయర్ ఫాలర్ట్ మిషన్ మీద కుట్టిన బొంతకు అన్నిటికన్నా పెద్ద బహుమతి వచ్చింది. మిషన్ కుట్టుకు ఆ బహుమతి రావడం అదే మొదటిసారి.

చివరగా

వెనకవైపు పైఅంచున గుడ్డను గొట్టంలా కుట్టి, వెదురుపుల్ల దూర్చి తగిలించండి. తగిలించే ముందు ఒకసారి తిరగేసి చూడండి. అడుగున దారం ఉచ్చులు కనబడితే పైదారం వదులుగా ఉన్నట్టే. ముందువైపు అందం చూపిస్తుంది, వెనకవైపు పనితనం చెబుతుంది.