గిడ్డంగి పునాదికి ముందు పంపవలసిన నోటీసు

సహకార సంఘములయందు ధాన్యపు గిడ్డంగులు నిర్మించు పథకమును కేంద్ర మంత్రివర్గము 2023 మే 31వ తేదీన ఆమోదించినది. ఇట్టి కట్టడమును తలపెట్టిన సంఘమువారు అంచనా, ఋణము, కంట్రాక్టరు అను మూడింటిని గూర్చి గంటలకొలది చర్చింతురు. పని ఆరంభమగుచున్నదని కార్మికుల భద్రతను విచారించు అధికారికి తెలుపవలెనను నాలుగవ సంగతి తరచుగా మరుగుపడుచుండును. దానిని గూర్చియే యిచ్చట వ్రాయుచున్నాము.

1996వ సంవత్సరపు భవన నిర్మాణ కార్మికుల చట్టము, 46వ సెక్షను ప్రకారము, పనికి కనీసము 30 దినములు ముందుగా ఇన్‌స్పెక్టరునకు నోటీసు పంపవలసి యుండెను. పనిస్థలము, బాధ్యుని పేరు, వాడబోవు యంత్రములు, పనివారి సంఖ్య, పట్టు కాలము అందు చూపవలెను. పంపనివారికి మూడు నెలల వరకు ఖైదు గాని, 2,000 రూపాయల వరకు జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చియుండెను. 2025 నవంబరు 21 నుండి ఆ చట్టమునకు బదులు 2020వ సంవత్సరపు వృత్తి భద్రతా స్మృతి అమలులోనికి వచ్చినది. చట్టము మారినను విధి తొలగలేదు. నోటీసు లేక పని ఆరంభింపరాదని క్రొత్త స్మృతి 5వ సెక్షను శాసించుచున్నది. గడువును, ఫారమును నిబంధనలు నిర్ణయించును గాన జిల్లా కార్మికశాఖవారిని విచారింపవలెను. ఎట్లున్నను నెల దినములు ముందుగా పంపుటయే క్షేమమని మా యభిప్రాయము.

పదిమందికి తక్కువ పనివారు గల పనికిని, 50 లక్షల రూపాయలకు మించని సొంత నివాసగృహమునకును స్మృతిలో మినహాయింపు గలదు. గిడ్డంగి యెవరి నివాసమును గాదు. ఇక లెక్క విషయము. తాపీవారు ఆరుగురు, ఇనుపపనివారు నలుగురు, కూలీలు అయిదుగురు అని ముఠాలను వేర్వేరుగా చూపి, ఏ ముఠాయు పదికి చేరలేదనుట కొందరికి అలవాటు. అది లెక్క గాదు, తప్పించుకొనుట. పునాదినాడు ఎనమండుగురే యున్నను, స్లాబు పోయు దినమున ముప్పదిమంది దిగుదురు. ఆ దినమును మనసున నుంచుకొనియే నోటీసు వ్రాయవలెను.

ముందుగా తెలుపుటవలన ప్రయోజన మేమి? మన ప్రాంతమున కాలువలు కట్టివేసిన వేసవిలోనే కట్టడములు సాగును. అప్పుడు నల్లరేగడి బీటలువారి గట్టిగా కనబడును. లోతు త్రవ్వినకొలది తడిమట్టి తగులును, దివిసీమలో ఉప్పునీరును ఊరును. అట్టి గుంట అంచుననే ఇసుక, ఇటుక పేర్చినచో ప్రక్క విరిగి లోనివారిపై కూలును. ముందుగా వచ్చిన అధికారి అంచులు ఏటవాలుగా త్రవ్వుడనియు, బరువులు దూరముగా వేయుడనియు చెప్పగలడు. కూలిన పిమ్మట వచ్చినవాడు పంచనామా వ్రాసికొని పోవును. ఆ గుంటలో నిలిచినవాడు ఊడ్పులకును కోతలకును మన పొలములకు వచ్చు కూలియే, ఒక్కొక్కపుడు మన సభ్యుని కుమారుడే.

ప్రమాదపు నోటీసు వేరు. మరణము సంభవించినను, గాయపడినవాడు 48 గంటలు గాని అంతకు మించి గాని పనిచేయజాలకున్నను దానిని ప్రత్యేకముగా తెలుపవలెను. ఆరంభపు నోటీసు పంపితిమి గదా యని ఊరకుండుట చెల్లదు.

కంట్రాక్టరుతో వ్రాసికొను ఒడంబడికలో ఒక్క షరతు చేర్చుడని సంఘాధ్యక్షులకు మనవి చేయుచున్నాము: నోటీసు ప్రతియు, అది ముట్టినట్లు కార్యాలయపు రసీదును చూపువరకు మొదటి వాయిదా సొమ్ము చెల్లింపబడదు.