క్రమముగా ఇచ్చుట

చదువవలసిన భాగములు: 1 కొరింథీ 16:1-4, 2 కొరింథీ 8, 9 అధ్యాయములు, మార్కు 12:41-44.

కానుకనుగూర్చి మన పల్లె సంఘములలో మాటలాడుట కొంచెము కష్టముగా నున్నది. బోధకుడు ఆ మాట ఎత్తగానే కొందరు తలలు వంచుకొందురు, కొందరు కొంగుముడి విప్పి చిల్లర వెదకుదురు. కారణము లేకపోలేదు. వానమీద ఆధారపడిన మడిచెక్క, కోతలనాటి కూలి, హైదరాబాదునకో చెన్నపట్నమునకో వలసపోయిన కుమారుడు పంపు సొమ్ము, మనలో అనేకుల రాబడి ఇంతే. ఇట్టివారిని దేవుడు నిజముగా అడుగుచున్నాడా? అడిగినయెడల ఎంత?

పౌలు యెరూషలేములోని బీద విశ్వాసులకొరకు సంఘములలో సహాయము కూర్చుచుండెను. ఆ సందర్భములో కొరింథువారికి ఆయన నేర్పిన పద్ధతి మిక్కిలి సామాన్యమైనది. ఆదివారము వచ్చినప్పుడెల్ల ఎవరి ఇంట వారు కొంత వేరుగా తీసి ఉంచవలెను. ఆ కొంత ఎంత అనునది ఎవరి రాబడినిబట్టి వారిది. తాను వచ్చి నిలిచిన దినమున తడబడి పోగుచేయు పని ఉండకూడదని ఆయన కోరిక. ధనవంతులే ఇయ్యవలెనని ఆయన వ్రాయలేదు. ఆ సంఘములో దాసులును ఉండిరని అదే పత్రిక ఏడవ అధ్యాయమువలన తెలియుచున్నది. వారినికూడ ఆయన విడిచిపెట్టలేదు.

అయితే కొరింథువారికి ఏమి సంభవించినది? రెండవ పత్రిక ఎనిమిదవ అధ్యాయము చూడుడి. సంవత్సరము క్రిందట వారే ముందుగా మొదలుపెట్టిరి, నడుమ చల్లబడిరి. ఉత్సాహము గొప్పదే గాని నిలుకడ లేదు. కూటముల దినములలో బంగారు ఉంగరము తీసి ఇచ్చి, తరువాత ఆరు నెలలు రిక్తహస్తములతో వచ్చువారిని మనమును ఎరుగుదుము. ఆ ఉంగరమును తక్కువ చేయుట లేదు. కాని సంఘకాపరి ఇంట పొయ్యి ప్రతిదినము వెలుగవలెను గదా.

మన స్త్రీలకు పౌలు పద్ధతి ఎవరును నేర్పనక్కరలేదు. చేటలో బియ్యము పోసి, ఎసటిలో వేయకముందే ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేయుదురు. ఆదివారము ఆ బియ్యము మందిరమునకు వచ్చును. ఈ పిడికెడులో ఉన్న జ్ఞానమును మనము సరిగా గుర్తింపలేదని తోచుచున్నది. అది తినగా మిగిలినది కాదు, ముందుగా తీసినది. మరియు తీసిన ప్రతిసారి ఆ తల్లి దేవుని తలంచుకొనును. దినమునకు రెండు పూటలు వండినయెడల రెండు ప్రార్థనలు. మిజోరము కొండలలోని క్రైస్తవ స్త్రీలు 1910లో ఇట్టి పిడికెడు బియ్యపు కానుకను ఆరంభించిరి. అది నేటికిని ఆ సంఘముల పనికి ముఖ్యమైన ఆధారముగా ఉన్నది.

ఇక బీద విధవరాలి సంగతి. ఆమె వేసిన రెండు కాసుల విలువ ఎంత? ఒక దేనారము కూలివాని దినవేతనము. ఆ రెండు కాసులు దేనారములో 64వ వంతు. నేడు దినకూలి 400 రూపాయలనుకొన్నయెడల అది ఆరుంబావు రూపాయలు! యేసు కానుకపెట్టె యెదుట కూర్చుండి ఆ ఆరుంబావునే చూచెను. అయితే విధవరాండ్ర ఇండ్లను మ్రింగివేయు శాస్త్రులను ఆయన గద్దించినది ఆ కథకు ముందున్న వచనములలోనే. ఈ రెంటిని విడదీసి చదువరాదు. మలాకీ మూడవ అధ్యాయము చూపి, దశమభాగము తేనివారికి శాపమని బీదరాలిని భయపెట్టుట మాకు న్యాయముగా కనబడుట లేదు. ఇచ్చినయెడల నూరంతలు తిరిగి వచ్చునని ఆశపెట్టుటయు అట్టిదే. అది లాటరీ చీటీ అమ్ముటవంటిది.

2018 అక్టోబరు 11వ తేదీని తిత్లీ తుపాను ఉద్దానముమీద పడినప్పుడు ఏండ్లతరబడి పెంచిన కొబ్బరి, జీడిమామిడి తోటలు ఒక్క రాత్రిలో నేలకొరిగెను. ఆ తరువాతి ఆదివారము ఆ తోటవాడు ఏమి తేవలెను? పౌలు కొలతప్రకారము, లేనిదానిలోనుండి దేవుడు అడుగడు; కలిగినదానినిబట్టియే అర్పణ అంగీకరింపబడును. ఆ ఆదివారము అతడు ఇచ్చువాడు కాదు, పుచ్చుకొనువాడు. అందులో సిగ్గు లేదు. ఒకరి సమృద్ధి మరియొకరి కొరతకు సరిపోవుటకే ఈ ఏర్పాటని పౌలు వివరించెను. అట్లే వడ్డీకి అప్పుతెచ్చి కానుక వేయవద్దు. ముసలి తల్లిదండ్రులను పస్తుంచి కొర్బాను అనుటను ప్రభువు ఎట్లు ఖండించెనో మార్కు ఏడవ అధ్యాయములో ఉన్నది.

మనమును ఒకప్పుడు పుచ్చుకొన్నవారమే. కెనడా దేశములోని నోవాస్కోషియాలో కాన్సో అను చేపలు పట్టువారి ఊరు కలదు. ఆ ఊరి హన్నా మరియా నోరిస్ అను యువతి మిషనెరీగా పోదలచినప్పుడు అక్కడి బోర్డునకు చాలినంత సొమ్ము లేకపోయెను. ఆమె 1870లో ఊరూర తిరిగి, కొద్ది నెలలలోనే ముప్పైకి పైగా స్త్రీల సహాయ సమాజములను స్థాపించెను. ఆమె బర్మాకు వెళ్లి, అటుతరువాత భర్తయైన ఆర్మ్‌స్ట్రాంగ్ దొరగారితో చికాకోలునకు, అనగా మన శ్రీకాకుళమునకు, వచ్చి పనిచేసెను. భీమిలిలో, బొబ్బిలిలో నిలిచిన మిషను పనికిని ఆ స్త్రీల చిల్లర తోడ్పడినది. తెలంగాణలోని దోర్నకల్ పని మొదలైనదో, 1903లో తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు తమ కానుకలతో స్థాపించుకొన్న మిషనువలన. ఆ మిషను స్థాపకులలో ఒకడైన అజరయ్యగారు 1912లో దోర్నకల్ బిషప్పై, బీద పల్లె సంఘములుకూడ ఇయ్యగలవనియు, ఇయ్యవలెననియు పట్టుదలతో నేర్పెను. మిషనెరీల కాలము గడిచిపోయినది. ఇప్పుడు మన కాపరిని, మన మందిరపు కప్పును మనమే చూచుకొనవలెను.

ఈ నెల ప్రతి కుటుంబమును కూర్చుండి మాటలాడుకొనవలెనని మా మనవి. కూలివారము చేతికి వచ్చిన దినముననే ఎంత తీయగలమో, పంట వచ్చినప్పుడు కళ్లములోనే కుంచమో అరకుంచమో ఎంత వేరుచేయగలమో ప్రార్థించి నిర్ణయించుకొనుడి. చిన్న మొత్తమే కానిండు, తప్పకుండ నిలుపుకొనగలిగినది కావలెను. పిల్లల చేతికిని ఒక రూపాయి ఇచ్చి వారిచేతనే వేయించుడి. వలసలోనున్న కుమారుడు ఫోనుద్వారా పంపినయెడల దానినికూడ సంఘపు పుస్తకములో వ్రాయించుడి.

సంఘ పెద్దలకు ఒక మాట. పౌలు అంతటివాడు ఆ సొమ్మును ఒంటరిగా మోయలేదు. సంఘములు ఏర్పరచిన సహోదరులను వెంట పెట్టుకొనెను. ఎవరును నిందింపకుండునట్లు అని కారణముకూడ చెప్పెను. కావున ఆరాధన ముగిసినవెంటనే ఇద్దరు, వారిలో ఒకరు స్త్రీ అయిన మంచిది, అందరి యెదుట కానుక లెక్కించి సంతకములు చేయవలెను. బియ్యము అమ్మిన ధరయు వ్రాయవలెను. నెల చివరి ఆదివారము జమాఖర్చులు చదివి వినిపింపవలెను. ఎవరెంత ఇచ్చిరో పేర్లతో చదువవద్దు. ఎంత వచ్చినది, దేనికి ఖర్చైనది, ఎంత మిగిలినది అనునంతవరకు చాలును.