క్లారినెట్టు కన్సర్టో: లయ, శ్రుతి, భావము

ఊరేగింపులలో బ్యాండు మేళమును వినని విద్యార్థి అరుదు. ఆ మేళమునందు నల్లని గొట్టమును, వెండివలె మెఱయు మీటలును గల వాద్యము క్లారినెట్టు. ఇది సన్నాయివలె ఊదువాద్యమే. కాని సన్నాయి పీకయందు రెల్లుబద్దలు జంటగా నుండును. దీనికి ఒక్క బద్దయే యుండును.

ఒక వాద్యకారుడు ముందు నిలిచి ప్రధానముగా వాయించుచుండగా తక్కిన మేళమెల్ల తోడ్పడు కృతిని పాశ్చాత్యులు కన్సర్టో యందురు. సామాన్యముగా ఆ మేళమున వయొలిను మొదలగు తంత్రీవాద్యములు ముఖ్యముగా నుండును. తోడుమేళమంతయు ఊదువాద్యములే యైనచో నొక చిక్కు కలుగును. పలువురి ఊపిరుల నడుమ ఒక్కని ఊపిరి యెట్లు వినబడవలెను? లయ, శ్రుతి, భావము అను మూడింటిని ఈ ప్రశ్నతోనే పరిశీలింతము.

ఇందులకు దృష్టాంతముగా రష్యాదేశీయుడగు రిమ్‌స్కీ-కోర్సకోవ్ 1878లో రచించిన క్లారినెట్టు కృతిని గైకొందము. ఈయన 1844లో జన్మించెను; మొదట నౌకాదళోద్యోగి. 1871లో సెంట్ పీటర్స్‌బర్గు సంగీత విద్యాలయమున ఆచార్యుడయ్యెను. అప్పటికి తనకు సంగీతశాస్త్రము చక్కగా రాదని తన స్వీయచరిత్రయందు తానే వ్రాసికొనెను. శిష్యులకు బోధించుచునే తానును పట్టుదలతో నభ్యసించెను. 1873లో నౌకాదళ బ్యాండుల పరీక్షాధికారిగా నియమింపబడగా, ఊదువాద్యముల స్వభావమును స్వయముగా వాయించి తెలిసికొనెను. ఆ బ్యాండుల కచేరీల కొఱకు 1877లో ట్రాంబోనునకును, 1878లో ఓబోకును, క్లారినెట్టుకును ఒక్కొక్క కృతిని రచించెను.

మొదట లయ. క్లారినెట్టు కృతియందు మూడు భాగములు గలవు. అవి నడుమ విరామము లేక సాగును. మొదటిదానికిని కడపటిదానికిని నిర్దేశింపబడిన లయ అలెగ్రో మొడెరాటో, అనగా మితమైన వడి. నడిమిభాగము అందాంతె. ఇటలీభాషయందు ఈ మాటకు నడచునది యని యర్థము. కావున నిది నిలిచిపోవు జాగు గాదు, నెమ్మదియైన నడక. వడిగల భాగములలో వాద్యకారుని వ్రేళ్ల నేర్పు కనబడును. నెమ్మదియైన భాగమున దాచుటకు వీలులేని శ్వాసబలమును, నాదశుద్ధియు బయటపడును.

రెండవది శ్రుతి. ఈ కృతి ఇఫ్లాట్ మేజరునందు గలదు. మేజరు స్వరముల ఎడములు మన శంకరాభరణ మేళమునకు సరిపోవును. అయినను ఒక భేదము గలదు. మన కచేరీలలో ఆధారషడ్జము చలింపక నిలుచును. పాశ్చాత్య సంగీతమున నది యొక్క కృతియందే వేఱుస్వరమునకు మాఱి, తుదకు తన యింటికి మరల వచ్చును. ఇఫ్లాట్‌ను ఎన్నుకొనుటలో సౌకర్యమును గలదు. బిఫ్లాట్ క్లారినెట్టుపై కాగితమందలి సి స్వరమును వాయించినచో బిఫ్లాట్ వినబడును. అందుచే ఇఫ్లాట్ మేజరు కృతి వాయించువాని కాగితముపై ఎఫ్ మేజరుగా వ్రాయబడును. మూడు ఫ్లాట్ల స్థానమున నొక్కటే మిగులును. వ్రేళ్లకు శ్రమ తగ్గును. బ్యాండునందలి ఇత్తడి వాద్యములు పెక్కులు బిఫ్లాట్, ఇఫ్లాట్‌లకే చేయబడినవి గావున వానికిని ఇది యనుకూలము.

మూడవది భావము. ఒకే శ్రుతియందు ఉల్లాసమును, విచారమును గూడ పలుకవచ్చును. భావమును నిర్ణయించునది లయయు, స్థాయియు, నాదపు హెచ్చుతగ్గులును కలిసియే. ఇందు క్లారినెట్టున కొక విశేషము గలదు. పిల్లనగ్రోవిపై ఊపిరిబిగువు పెంచినచో మంద్రషడ్జము పైషడ్జమగును. క్లారినెట్టుపై మీట నొక్కినచో పైషడ్జమును దాటి దానిపై పంచమము పలుకును. దీని గొట్టము చాలవఱకు సమమైన వెడల్పు గలిగి, రెల్లుబద్ద యుండు కొన మూసినట్లు పనిచేయుటయే కారణము. అందుచే క్రిందిస్థాయి గంభీరముగాను, పైస్థాయి తేటగాను ఇరువురి కంఠములవలె వినబడును.

అయినను మూడును కుదిరినంతమాత్రమున కార్యము ముగియలేదు. మొజార్టు 1791లో ఏ మేజరున రచించిన క్లారినెట్టు కన్సర్టోయందు తంత్రులతోడ జంట పిల్లనగ్రోవులను, బసూనులను, కొమ్ములను మాత్రమే యుంచి, ఓబోలను విడిచెను. మేళము తేలికగా నుండుటచే ప్రధానవాద్యము తేటగా వినబడును. రిమ్‌స్కీ-కోర్సకోవునకు బ్యాండు నడుమ అట్టి తేలికదనము చిక్కలేదు. క్రోన్‌స్టాట్ నౌకాపట్టణమున ట్రాంబోను, ఓబో కృతులు ప్రజలయెదుట వాయింపబడినవి. క్లారినెట్టు కృతిని మాత్రము సాధకమున విని, తోడుమేళము బరువుగా నున్నదని తలచి, ఆయన ప్రదర్శింపలేదు. తన రచనయని మోహపడక తన చెవి తీర్పునకు లోబడెను. ఆ కృతిని నేడు పలుదేశముల క్లారినెట్టు విద్యార్థులు వాయించుచున్నారు.

విద్యార్థులారా, ఇట్టి కృతిని విననగునప్పుడు మూడు ప్రశ్నలు వేసికొనుడు. నడక యెట్టిది? ఆధారస్వరము ఎప్పుడు ఇల్లు విడిచి, ఎప్పుడు మరలివచ్చినది? ఏ స్థాయియందు ఏ భావము పుట్టినది? పిదప తోడుమేళమును గమనింపుడు. ఒక్కడు మృదువుగా పలుకునపుడు తక్కినవారు తమ బలమును అణచుకొనుటయు వాద్యవిద్యలో భాగమే. మన పాఠశాల గానబృందమున పాడువారికిని ఈ పాఠము పనికివచ్చునని మా నమ్మకము.