పెద్దయ్యాక బయటపడిన ఆటిజం: థెరపీ ఎలా ఉండాలి?

ఆటిజం అనగానే చాలామందికి చిన్నపిల్లలే గుర్తొస్తారు. నిజానికి అది మెదడు ఎదుగుదలకు సంబంధించిన, జీవితాంతం ఉండే తేడా. లియో కానర్ 1943లోనే దీన్ని వివరించినా, అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణ గ్రంథంలో ప్రత్యేక నిర్ధారణగా చోటు దక్కింది 1980లో. ఆ తర్వాత కూడా, బాగా మాట్లాడుతూ చదువులో రాణించిన పిల్లలను, ముఖ్యంగా ఆడపిల్లలను చాలావరకు ఎవరూ గుర్తించలేదు. ‘సిగ్గరి’, ‘మొండిఘటం’ అనే పేర్లతోనే వారు పెరిగి పెద్దయ్యారు. తమ బిడ్డకు పరీక్షలు చేయించినప్పుడో, కుంగుబాటుకు చికిత్స తీసుకుంటున్నప్పుడో కొందరికి అసలు సంగతి తెలుస్తుంది.

ముసుగు బరువు

కష్టమనిపించినా ఎదుటివారి కళ్లలోకి చూడటం, నలుగురూ నవ్వితే నవ్వడం, ఫోన్ చేసే ముందు మాటలను సాధన చేసుకోవడం వంటి వాటిని ‘మాస్కింగ్’ అంటారు. ఏళ్ల తరబడి ఇలా నెట్టుకొస్తే తీవ్రమైన అలసట, ఆందోళన, కుంగుబాటు వెంటాడవచ్చు. ఆటిజంలో ఒక రకంగా భావించే ఆస్పెర్గర్ సిండ్రోమ్ పెద్దయ్యాక నిర్ధారణ అయిన 374 మందిని ఇంగ్లండ్‌లో పరిశీలించగా, 66 శాతం మంది ఎప్పుడో ఒకప్పుడు ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయని చెప్పారు. ఈ అధ్యయనం 2014లో వెలువడింది.

నిర్ధారణతో ఊరట కలుగుతుంది. ‘ముందే తెలిసుంటే’ అన్న బాధా ఉంటుంది. పొగరు, బద్ధకం అని ముద్రపడిన పాత సంఘటనలను కొత్త వెలుగులో చూసుకోవడానికి తోడ్పడటం థెరపీలో తొలి మెట్టు.

మారాల్సింది థెరపీ పద్ధతే

బ్రిటన్‌కు చెందిన ‘నైస్’ సంస్థ 2012లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ఆటిజం ఉన్న పెద్దలకు ఆలోచనలను, ప్రవర్తనను సరిదిద్దే సీబీటీ వంటి చికిత్సలను తగినట్టు మార్చాలి. ఉపమానాలు తగ్గించి సూటిగా మాట్లాడటం, విషయాలను రాసి లేదా బొమ్మల్లో చూపించడం, మధ్యలో విరామాలు ఇవ్వడం అందులో కొన్ని.

‘మీకు ఎలా అనిపిస్తోంది?’ అన్న ప్రశ్నకు మౌనమే జవాబు కావచ్చు. ఆటిజం ఉన్నవారిలో దాదాపు సగం మందికి తమ భావోద్వేగాలను గుర్తించి పేరు పెట్టడం కష్టం. దీన్ని అలెక్సిథైమియా అంటారు. అలాంటప్పుడు ‘దవడ బిగుసుకుందా? రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారు?’ అని అడిగితే జవాబు చెప్పడం తేలికవుతుంది.

పెళ్లికి వెళ్లలేకపోవడాన్నే తీసుకుందాం. నలుగురూ ఏమనుకుంటారోనన్న భయమే కారణమైతే, కొద్దికొద్దిగా అలవాటు చేసే పద్ధతి పనిచేయవచ్చు. లౌడ్‌స్పీకర్ల మోత, లైట్ల వెలుగు భరించలేకపోవడమే కారణమైతే, పదేపదే వెళ్లినంత మాత్రాన బాధ తగ్గకపోవచ్చు. అప్పుడు చెవి ప్లగ్‌లు, కాసేపు కూర్చోవడానికి నిశ్శబ్దమైన గది, ముహూర్తం కాగానే ఇంటికి బయలుదేరే వీలు మేలు చేస్తాయి. ఈ రెండు కారణాల మధ్య తేడా కనిపెట్టకపోతే చికిత్సే హింసగా మారుతుంది.

సాయం ఎక్కడ?

ఆటిజాన్ని పోగొట్టే మందు లేదు. దానితోపాటు వచ్చే ఆందోళనకు, కుంగుబాటుకు, నిద్రలేమికి చికిత్స ఉంది. ఆన్‌లైన్ ప్రశ్నావళి సూచన మాత్రమే ఇస్తుంది. నిర్ధారణకు సైకియాట్రిస్టును లేదా క్లినికల్ సైకాలజిస్టును కలవాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని వైకల్యంగా గుర్తించింది. మనసు బాగా కుంగిపోతే టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు.